మబ్బులు ఆలస్యంగా బయలుదేరిన రోజు

"ఉదయగిరి కొండ మీది మబ్బులు బుధవారం గంటన్నర ఆలస్యంగా బయలుదేరాయి. కారణాలు తెలియరాలేదు. ప్రజలు సహకరించాలని కొండ విజ్ఞప్తి చేసింది." ఒక గురువారం ఉదయం మా దినపత్రిక ఆత్మకూరు పేజీలో నాలుగు కాలమ్‌ల వెడల్పున ఈ వార్త అచ్చయి వచ్చింది. దాని పక్కన, అనంతసాగరంలో ఎద్దులు సమావేశమై ఎండ తీవ్రతపై చర్చించాయని ఇంకో వార్త. దాని కింద, సంగం దగ్గర పెన్నలో నీళ్లు ఒక్క క్షణం ఆగి ఎవరో పిలిచినట్టు వెనక్కి చూశాయని ప్రత్యక్ష సాక్షుల కథనం. అడుగున ఒక చిన్న ప్రకటన: "ఆత్మకూరు బస్టాండులో నిన్న మధ్యాహ్నం ఒక కునుకు పోయింది. దొరికినవారు దయచేసి వాడుకోగలరు." ఇవన్నీ రాసింది నేనే. అచ్చు కోసం మాత్రం రాయలేదు. అసలు ఆ రోజు ఆ నాలుగు కాలమ్‌లలో, ముప్పై ఏళ్లుగా మా పత్రికకు వార్తలు రాస్తున్న ఒక ముసలాయన పేరు మొట్టమొదటిసారి పడాల్సి ఉంది.

ఆ రోజుల్లో నాకు రెండే పనులు బాగా చేతనయ్యేవి. ఒకటి, ఊరికే బయటికి చూస్తూ కూర్చోవడం. రెండు, అలా కూర్చున్నట్టు ఎవరికీ తెలియకుండా చూసుకోవడం. ఇరవై రెండేళ్ల వయసులో ఉదయగిరి నుంచి వచ్చి ఆత్మకూరు ఆఫీసులో వార్తల్ని అమర్చి పేజీలు పెట్టే పనిలో చేరాను. ఆఫీసంటే ఎరువుల కొట్టు పైన ఒక గది. కింది నుంచి యూరియా వాసన, ఎదురుగా మేకల్ని ఎక్కించుకునే ట్రాలీ ఆటోలు, దూరంగా ఎండలో కరిగిపోతున్నట్టుండే రోడ్డు. ఆ గదిలో ఒకటే కంప్యూటరు. దాని మీద విండోస్ బదులు లైనక్స్ ఉండేది. ఎందుకంటే అది ఉచితంగా వచ్చింది, దాన్ని ఎక్కించిన మనిషి మాకు తెలిసినవాడు. ఆయన మా అమ్మ వైపు దూరపు చుట్టం, నాకు వరసకు మామ. కంప్యూటరు చదువు చదివి, మూడేళ్లు మా ఆఫీసులో పనిచేసి, ఒక రోజు ఉన్నట్టుండి "ఇంట్లో గొర్రెలు ఎక్కువైనాయి" అని చెప్పి కలువాయి దగ్గర సొంతూరికి వెళ్లిపోయాడు. (ఉద్యోగం మానేయడానికి అంత మర్యాదైన కారణం నేను మళ్లీ వినలేదు.) అప్పటి నుంచి మేం ఆయన్ని గొర్రెల మామ అనేవాళ్లం.

మా ఇన్‌చార్జి పేరు క్లుప్తం సారు. ఏ వార్త తెచ్చినా "క్లుప్తంగా, క్లుప్తంగా" అనేవాడు కనుక ఆ పేరు. ఇక ఉదయగిరి విలేకరి సంచి తాత. భుజాన గుడ్డసంచి లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. తెల్ల కాగితాల మీద గుండ్రటి చేతిరాతతో వార్తలు రాసి, కవరులో పెట్టి, మొదటి బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. ఆ కవరు ఎండకు వేడెక్కి, టికెట్ల సంచి వాసనతో నా బల్ల మీదికి చేరేది. ఆయన రాసిన ప్రతి వార్త కిందా మా పత్రిక పద్ధతి ప్రకారం "ఉదయగిరి, మా విలేకరి" అనే పడేది. ముప్పై ఏళ్లు ఆయన 'మా విలేకరి'గానే ఉన్నాడు. కళ్లు మసకలు కమ్ముతున్నాయని పని మానుకోబోతూ, చివరగా ఉదయగిరిలో కొయ్య స్పూన్లు చెక్కే కుటుంబాల మీద ఒక పెద్ద వ్యాసం పంపాడు. దానికి పిన్నుతో గుచ్చి చిన్న చీటీ: "సారూ, వీలైతే ఈ ఒక్కదానికి నా పేరు పెట్టండి. లేకపోయినా పరవాలేదు." ఆ చీటీని క్లుప్తం సారు రెండుసార్లు చదివాడు. తరువాత నెల్లూరు ఆఫీసుకు ఫోన్ చేసి, తన జీవితంలోనే అత్యంత సుదీర్ఘమైన సంభాషణ జరిపి, అనుమతి సంపాదించాడు.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. పేజీ తయారయ్యాక నెల్లూరు ప్రెస్సుకు పంపడానికి గొర్రెల మామ ఒక ఏర్పాటు చేసిపోయాడు. కంప్యూటర్లో ఒక నల్ల కిటికీ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పంపు అని కొడితే చాలు. అది ఆ రోజు పేజీని వెతుక్కుని, నకలు తీసి దాచి, తాళం తీసి, దారి పట్టుకుని నెల్లూరుకు చేర్చేది. ఇలా నాలుగైదు పనుల్ని ఒక పేరు కింద మూటగట్టి పెట్టడాన్ని ఫంక్షన్ అంటారు. నల్ల కిటికీ తెరుచుకున్నప్పుడల్లా ఒక ఫైలు చదువుకుంటుంది, ఆ ఫంక్షన్ ఆ ఫైల్లో ఉండేది. దారీ తాళమూ, అంటే నెల్లూరు కంప్యూటరు చిరునామా, పాస్‌వర్డూ, ఆ ఫంక్షన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. అంతా బాగానే ఉంది కానీ, మామ చాదస్తుడు. పంపే ముందు అది మూడు ప్రశ్నలు అడిగేది. "పేజీ చదివినావా?" "తేదీ సరిగా ఉండాదా?" "ఇన్‌చార్జి చూసినాడా?" మూడింటికీ అవునని చెప్తేగాని కదిలేది కాదు. రోజూ ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం నాకు పరీక్ష రాసినట్టుండేది.

ఒక మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీస్తున్న వేళ, నేను ఇంటర్నెట్లో చదివి రెండు సంగతులు నేర్చుకున్నాను. ఒకటి, అలియాస్. (అంతవరకు నాకా మాట పోలీసుల ప్రెస్‌నోట్లలో దొంగల పేర్ల మధ్య కనపడేది.) కంప్యూటర్లో అలియాస్ అంటే, ఫలానా మాట కొడితే దాని బదులు ఫలానా వాక్యం అనుకో అని ముందే చెప్పిపెట్టడం. రెండోది, లైనక్స్‌లో ఎస్ (ఇంగ్లీషులో అవును) అనే ఒక కమాండు. దానికి ఒకటే పని. ఎవరేం అడుగుతున్నారో పట్టించుకోకుండా అవును, అవును, అవును అని ఆపకుండా చెప్తూనే ఉంటుంది. (అలాంటివాళ్లను తరువాత పత్రికాఫీసుల్లో చాలామందిని చూశాను.) ఈ రెంటినీ కలిపి, పంపు అనే పేరుతోనే ఆ ఫైల్లో ఒక అలియాస్ రాశాను. ఇక నేను పంపు అంటే, ముందు ఎస్ వచ్చి అన్నిటికీ అవునని చెప్తూ ఉంటే, మామ ఫంక్షన్ నమూనా పేజీని తీసుకుపోతుంది. సరిచూసుకున్నాక నమూనా బదులు అసలు పేజీ పెట్టుకుందామనుకున్నాను. ఆ నమూనా పేజీలో వార్తల చోటు నింపడానికి ఏదో ఒకటి రాయాలి గదా. బయట కొండవైపు మబ్బులు కదలకుండా కూర్చుని ఉన్నాయి. వాటిని చూస్తూ రాశాను. ఆ గంట ఎలా గడిచిందో నాకు తెలియదు. వేళ్లు వాటంతట అవే కొడుతున్నట్టు, ఎద్దులూ నీళ్లూ ఎవరికీ పట్టని గాలీ వరసగా వచ్చి తమ తమ వార్తలు చెప్పుకుపోతున్నట్టు ఉండింది. అంతలో సారు టీకి పిలిచాడు. వెళ్లాను. తిరిగొచ్చేసరికి అలియాస్ సంగతి మరిచిపోయాను.

మరిచినా నెలరోజులు ఏమీ కాలేదు. నా నల్ల కిటికీ అంతకుముందే తెరిచినది, ఫైల్లో కొత్తగా రాసింది దాని కంట పడలేదు. ఆ బుధవారం సాయంత్రం చెయ్యి తగిలి కిటికీ మూసుకుపోయింది. ఇంకోటి తెరిచాను. పంపు అన్నాను. ప్రశ్నలు మెరుపులా వచ్చి మెరుపులా పోయాయి. "ఇయ్యాళ ఎంత తొందరగా పోయిందో చూడండి సార్" అని గర్వంగా చెప్పాను కూడా. నెల్లూరులో ఆ చిన్న పేజీలను చదివే మనిషి లేడు. వచ్చింది వచ్చినట్టు అచ్చుకెక్కింది.

మర్నాడు ఉదయం మొదటి ఫోన్ అనంతసాగరం నుంచి. "ఎద్దుల మీటింగని ఏసినారే, మా ఎద్దుల్ని పిలవలేదేంది?" అని ఎవరో రైతు నిజంగానే నిష్ఠూరంగా అడిగాడు. కింద ఎరువుల కొట్టు శెట్టిగారు మెట్లెక్కి వచ్చి, "మబ్బులు లేటయితే ఎవురికి అర్జీ పెట్టాలో అది గూడా ఎయ్యాల్సింది అబ్బయా" అన్నాడు. నవ్వుదామనుకునేలోగా ఇంకో ఫోన్ వచ్చింది. సంచి తాత. వెనక బస్సు హారన్లు వినపడుతున్నాయి. పేపరు కట్టలు దిగే చోటే, ఉదయగిరి బస్టాండులో నిలబడి మాట్లాడుతున్నాడు.

"ఏం అబ్బయా, నా పేరు యాడా కనపళ్లేదే. పేజీలో లేదా, నా కళ్లకే ఆనలేదా?"

"పేజీలోనే లేదు తాతా."

"అట్నా. సరే పోనీలే. అయితే నా కళ్లు ఇంకా బాగానే ఉండాయన్న మాట."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. క్లుప్తం సారు కూడా తిట్టలేదు. పేజీ నా ముందు పెట్టి, "క్లుప్తంగా చెప్తా. రేపొక్కరోజే ఈ పేజీ మనది. ఎల్లుండి నుంచి పక్క ఊళ్ల జోన్లో కలిపేస్తా ఉండారు. రేపు తాత పేరు పడాల. సాయంత్రం ఆరుకు పేజీ పోవాల. పోకపోతే నువ్వు గూడా పోవచ్చు" అన్నాడు.

నేను కంప్యూటరు ముందు కూర్చుని తప్పు కోసం వెతికాను. మామ ఫంక్షన్ ఉన్న ఫైలు తెరిచి ఒక వరుస మార్చాను. పంపు అన్నాను. మబ్బులే పోయాయి. నాలుగు వరుసలు మార్చాను. మబ్బులే. మొండికేసి ఫంక్షన్ మొత్తం చెరిపేసి, ఇప్పుడెట్లా పోతావో చూస్తానని పంపు అన్నాను. చెరిపేసిన ఫంక్షన్, ఫైల్లో ఆనవాలు కూడా లేని ఫంక్షన్, హాయిగా లేచి మబ్బుల్ని నెల్లూరుకు చేర్చి వచ్చింది. నెల్లూరు నుంచి ఫోన్. "ఏందయ్యా, పొద్దున్నించీ ఇది మూడోసారి. ఇయ్యాళ గూడా మబ్బులేనా? వాన ఎప్పుడో చెప్పు, గొడుగు తెచ్చుకుంటాం."

గొర్రెల మామకు ఫోన్ చేస్తే అందుబాటులో లేడంది. మామ ఉండే మెరకల మీద సిగ్నల్ ఉండదు. పదకొండు గంటల బస్సెక్కి కలువాయికి బయలుదేరాను. ఆ ప్రయాణం ఇప్పటికీ కలలా గుర్తుంది. ఉద్యోగం పోయేలా ఉంది, ఒక ముసలాయన ఆశ నా చేతిలో విరిగింది, అయినా కిటికీ పక్క సీటు దొరికేసరికి నా మనసు వాటన్నిటినీ దించి పక్కన పెట్టి బయటికి చూడడం మొదలుపెట్టింది. ఎర్రటి చెలకలు, ముళ్ల కంపలు, ఎండలో ఒంటరిగా నిలబడ్డ కరెంటు స్తంభాలు. నా మీద నాకే కోపం వచ్చి సీటు మారి కూర్చున్నాను. అటువైపు ఇంకా బాగుంది.

ఊరి బయట గుట్ట వాలులో గొర్రెల మధ్య మామ కనిపించాడు. తలకు తువ్వాలు, చేతిలో కర్ర, జేబులో ఇంకా ఆఫీసు నాటి పెన్ను. నేను చెప్పిందంతా విని, ఆపకుండా నవ్వాడు. రెండు గొర్రెలు బెదిరి పక్కకు పోయాయి.

"రేయ్ అల్లుడా, ఆ పేరుతో అలియాస్ ఏమన్నా పెట్టినావా?"

"లేదు మామా." (అప్పటికి అది అబద్ధం కాదు, నిజంగానే గుర్తులేదు.)

"పెట్టే ఉంటావు. నీ మొకం జూస్తానే తెలస్తా ఉండాది. ఇను. ఫంక్షన్ ఇంట్లో ఉండే మనిషి. అలియాస్ వాకిట్లో నిలబడుకోనుండే మనిషి. నువ్వు పిలిస్తే ముందు పలికేది వాకిట్లోవాడే. వాడేం చెప్తే ఇంట్లోవాడు అదే చేస్తాడు. నువ్వు ఇంట్లోవాడికి ఎంత బుద్ధి చెప్పినా ఏం లాభం? పోయి టైప్ అని కొట్టి, పక్కన పంపు అని కొట్టు. వాకిట్లో ఎవుడుండాడో పేరుతో సహా చెప్తాది."

"మరి ఫైల్లో ఎన్ని మార్చినా మారలేదేంది మామా?"

"తెరిచిన కిటికీకి తెరిచినప్పుడు చదివిందే లోకంరా. ఆ తరవాత నువ్వు ఫైల్లో భూమినీ ఆకాశాన్నీ తిరగేసినా దానికి తెలియదు. అందుకని అలియాస్ తీసేసి, ఆ కిటికీ మూసి, కొత్తది తెరువు." నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి చూశాడు. "నేను రాసింది ముట్టుకోలేదు గదా?"

ఆ గొర్రెలన్నీ ఒక్కసారి నా జవాబు కోసం తలెత్తినట్టనిపించింది.

"లేదు మామా" అన్నాను. ఇది మాత్రం అబద్ధం.

ఆత్మకూరు చేరేసరికి నాలుగున్నర దాటింది. టైప్ పంపు అని కొట్టాను. పంపు అనేది అలియాస్ అనీ, ఎస్ చేత అవునవును అనిపిస్తూ నమూనా పేజీని పంపుతుందనీ ఒక వరుస తెర మీద పడింది. ఆ మధ్యాహ్నమంతా, మబ్బులతో సహా, నాకు గుర్తొచ్చింది. వెనక నిలబడ్డ సారు చదవకుండా చేత్తో అడ్డం పెట్టుకున్నాను. అలియాస్ తీసేశాను. మామ చెప్పినట్టే కిటికీ మూసి, కొత్తది తెరిచి, పంపు అన్నాను. అలాంటి కమాండు ఏదీ లేదంది.

ఎందుకుంటుంది? పొద్దున ఫైల్లోంచి చెరిపేశాను. చెరిపినా పాత కిటికీ జ్ఞాపకంలో అది బతికే ఉంది. ఆ కిటికీని ఇప్పుడే నా చేత్తో మూశాను. మామకు నిజం చెప్పి ఉంటే, మూయొద్దని అక్కడే చెప్పేవాడు. గడియారం అయిదుంపావు. మామకు ఫోన్ పోదు. దారీ తాళమూ ఇంకెవరి దగ్గరా లేవు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. ఈసారి కల ఏదీ రాలేదు. మామ మాట మాత్రం వినిపించింది, తెరిచిన కిటికీకి తెరిచినప్పుడు చదివిందే లోకం అని.

తెర మీద కింది మూలలో ఇంకో నల్ల కిటికీ ఉంది. అది సారుది. మామ ఉద్యోగం మానేసే ముందు తెరిచి, "సార్, ఇది మూయొద్దు, పనికొస్తాది" అని చెప్పిపోయాడు. దేనికి పనికొస్తుందో సారు అడగలేదు, మామ చెప్పలేదు. ఆనాటి నుంచి సారు దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు. దాని కోసమే మా కంప్యూటర్ని ఎప్పుడూ ఆపేవాళ్లం కాదు. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు దిగుతున్నాయంటే కింద కొట్టు జనరేటరు నుంచి తీగ. అది నా అలియాస్ పుట్టకముందు తెరిచిన కిటికీ. నేను ఫంక్షన్ చెరపకముందు చదువుకున్న కిటికీ.

"సార్, మీ కిటికీ ఒక్కసారి కావాల."

"మూస్తావా?"

"మూయను సార్."

"నువ్వు తాకొద్దు. ఏం కొట్టాలో చెప్పు. నేను కొడతా." కుర్చీ లాక్కుని, ఒక్క వేలితో, అక్షరానికీ అక్షరానికీ మధ్య నా ముఖం చూస్తూ కొట్టాడు. రెండు క్షణాలు ఏమీ లేదు. తరువాత తెర మీద, మామే ఎదురుగా నిలబడి అడిగినట్టు, పేజీ చదివినావా అని వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు అవునన్నాడు. తేదీ సరిగా ఉండాదా? అవునన్నాడు. ఇన్‌చార్జి చూసినాడా? ఆ ప్రశ్న దగ్గర సారు వేలు ఆగిపోయింది.

"ఇది రోజూ అడగతా ఉండాదా?"

"అడగతాది సార్."

"నువ్వేం చెప్తా ఉండావు?"

సారు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, పేజీని పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాడు. కొయ్య స్పూన్ల వ్యాసం చివరికొచ్చి ఆగాడు. "ఇదేందిరా?" అక్కడ, అలవాటైన చోట, అలవాటైన అక్షరాల్లో "ఉదయగిరి, మా విలేకరి" అని ఉంది. పొద్దున పేజీ తిరిగి పెట్టిన హడావుడిలో పాత వరుసే పడింది. ఆ పూట అలియాస్ నేననుకున్నట్టు అసలు పేజీతో పనిచేసి ఉంటే ఎస్ అవునవునని చెప్పేసేది, తాత మరోసారి మా విలేకరిగా అచ్చయ్యేవాడు. సారు లేచి నాకు కుర్చీ ఇచ్చాడు. తాత పేరు, ఇంటిపేరుతో సహా కొట్టాను. సారు మళ్లీ చదివాడు. ఆరుకు అయిదు నిమిషాలుండగా అవునన్నాడు. పేజీ పోయింది. (ఫంక్షన్ని ఆ మూల కిటికీలోంచే తిరిగి రాసుకుని ఫైల్లో పెట్టాను. గొర్రెల మామ ఇది చదివితే, మన్నించమని కోరుతున్నాను.)

శుక్రవారం మొదటి బస్సుకే ఉదయగిరి వెళ్లాను. సంచి తాత బస్టాండులో టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పేపరును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. తన వ్యాసం మొదటి మాట నుంచి చివర పేరు దాకా చదివి, పేరు మీద బొటనవేలు ఒకసారి ఆనించి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నేను క్షమాపణ కోసం కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టేలోగా ఆయన అదే సంచిలోంచి ముందు రోజు పేపరు తీశాడు.

"అబ్బయా, నిన్నటి ఈ మబ్బుల వార్త ఎవురు రాసినారు?"

"తెలియదు తాతా. ఏదో పొరపాటున వచ్చింది."

"పొరపాటో ఏందో. ముప్పై ఏండ్లు ఈ కొండ కింద కూర్చోని వార్తలు రాసినాను, ఆ మబ్బుల సంగతి నాకు తట్టలేదు." పేజీని అటూ ఇటూ తిప్పి, అడుగు దాకా వెతికాడు. "ఇంత బాగా రాసినోడి పేరు యాడా ఎయ్యలేదే, పాపం."

ఇప్పుడు నా తల నెరిసింది. పేజీలు పెట్టే పని పోయి, పేజీలు చదివే పని వచ్చింది. ప్రశ్నలు ఎంత విసిగించినా జవాబు నేనే చెప్తాను. ఉదయగిరి వెళ్లినప్పుడల్లా తాతను చూస్తాను. ఎనభై దాటాయి, చూపు దాదాపు పోయింది, మనవరాలు పేపరు చదివి వినిపిస్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక మాట మధ్యలో, ఆ మబ్బుల వార్త రాసినవాడు ఎవరో తెలిసిందా అని అడుగుతాడు. మొన్న వెళ్లినప్పుడూ అడిగాడు. ఇంకా తెలియలేదనే చెప్పి వచ్చాను.